ఊక కుప్పలో నిప్పు

ఆ కాయితం ఇంకా మా ఇంట్లోనే ఉంది, బీరువాలో పాత కరెంటు బిల్లుల మధ్య. దాని మీద ఇంగ్లిషులో మూడు ముక్కలు: 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్'. రక్తంలో హెచ్‌ఐవీ కోసం వెతికారు, మిషనుకి దొరకలేదు అని అర్థం. ఆ కాయితం చేతికిస్తూ కౌన్సెలర్ అమ్మాయి కుర్చీలోంచి లేచి మరీ అందట: "నీ రిపోర్టు బంగారం అమ్మా. ఇలాగే మందులు మానకుండా వేసుకో."

బంగారమే మరి. పద్నాలుగేళ్లలో ఒక్క పూట మాత్ర తప్పని మనిషి. మా వీధిలో జాకెట్లు కుట్టేది, నాకు వరసకి అక్క. పేరు రాయను. మొగుడు అంటించిపోయిన జబ్బుని అంతకాలం గుట్టుగా మోసింది, పోయాక నేను బయటపెట్టడమేమిటి? మాత్రల డబ్బా మీద లేబుల్‌ని గోటితో గీకేసేది. బస్సులో సంచీ కదిలితే గలగలమంటుందని డబ్బాలో దూది కూరేది. రాత్రి తొమ్మిదింటికి సెల్లులో అలారం మోగితే, "సీరియల్ టైమైంది" అనేది ఇంట్లో ఎవరున్నా. సీరియల్ చూడగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ బంగారు రిపోర్టు వచ్చిన నాలుగు నెలలకి, నలభై ఏడో ఏట, కుట్టుమిషను మీదే ఒరిగిపోయింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. ఆస్పత్రిలో చూస్తే బీపీ 210 మీద 120. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. పదకొండో రోజున పోయింది. "ఎన్నాళ్లనుంచి ఉంది ఈ బీపీ?" అని అడిగాడు డ్యూటీ డాక్టరు. ఎవరికి తెలుసు? ఇంటికొచ్చి ఆవిడ హెచ్‌ఐవీ మందుల, అంటే ఏఆర్‌టీ, పుస్తకం తిరగేశాను. బరువు ప్రతిసారీ రాశారు. రోగనిరోధక కణాలైన సీడీ4 లెక్కలున్నాయి, మాత్రలెన్ని ఇచ్చిందీ ఎన్ని మిగిలిందీ ఉంది. బీపీ మాత్రం మొదటి పేజీలో ఒక్కచోట ఉంది, పద్నాలుగేళ్ల కిందటిది. ఆ తర్వాత ఎక్కడా లేదు.

ఊరు ఏమందో చెప్పక్కర్లేదు. "ఆ జబ్బే తీసుకుపోయింది" అంది. ఆస్పత్రి కాయితం మెదడులో రక్తస్రావం అంది. ఏఆర్‌టీ రిజిస్టరులో 'డెత్' అని ఒక్క ముక్క రాసి గీత గీశారు. ఈ మూడిట్లో ఏదీ పూర్తి అబద్ధం కాదు. ఏదీ నిజం కూడా కాదు. నా తగవంతా ఇక్కడే.

మా డెల్టాలో రైసుమిల్లుల వెనక ఊక కుప్పలు ఉండేవి. నిప్పంటుకున్న ఊక కుప్పని ఎప్పుడైనా చూశారా? పైకి బూడిద. మంట కనపడదు, పొగ కూడా అంతంతమాత్రం. లోపల మాత్రం రోజుల తరబడి రవులుతూనే ఉంటుంది. తెలియని కుర్రాడు కాలేస్తే మోకాలిదాకా దిగబడి కాలుతుంది. గడ్డివాము తంతు వేరు. నిప్పురవ్వ పడితే అరగంటలో ఆకాశమంత మంట, ఊరంతా బిందెలు పట్టుకుని పరుగు. కరోనా గడ్డివాము. హెచ్‌ఐవీ ఊక కుప్ప. రెండిట్లోనూ కాలేది మనిషి ఒళ్లే, కాల్చేది ఒక్కటే నిప్పు. డాక్టర్లు దాన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మన పత్రికల్లో 'వాపు' అని రాస్తారు, చీలమండ బెణికినా అదే మాట, గుండె నాళాలు పాడైనా అదే మాట. నేను లోమంట అంటాను. పండితులు ఒప్పుకోకపోతే వాళ్లిష్టం.

ఈ లోమంట ఎక్కణ్నుంచి వస్తుంది? హెచ్‌ఐవీ ఒంట్లో దిగిన మొదటి వారాల్లోనే పేగుల గోడల్లో ఉన్న సీడీ4 కణాల్ని ఊడ్చిపెట్టేస్తుంది. రక్తంలో కొలిచే సీడీ4 పడిపోవడం కంటే ఈ నష్టం ముందు జరుగుతుంది, ఎక్కువగా జరుగుతుంది. పేగు గోడని గట్టిగా ఉంచడం ఆ కణాల్లో కొన్నిటి పని. వరిచేను గట్టుకి ఎండ్రకాయ బొరియలు పడితే ఏమవుతుందో రైతుకి చెప్పాలా? గట్టు నిలబడే ఉంటుంది, నీళ్లు మాత్రం ఊరి పోతుంటాయి. అలాగే పేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి ఊరతాయి. 2006లో అమెరికా పరిశోధకులు దీన్ని రోగుల రక్తంలో కొలిచి మరీ చూపించారు. మందులు వైరస్‌ని కట్టేస్తాయి గానీ గట్టుని పూర్తిగా పూడ్చలేవు. వైరస్ కూడా పూర్తిగా పోదు, కొన్ని కణాల్లో నక్కి కూర్చుంటుంది. దానికి తోడు సైటోమెగలో వైరస్ లాంటి పాత కాపురాలు. దాంతో రోగనిరోధక వ్యవస్థకి నిద్రుండదు. ఏళ్ల తరబడి నిద్రలేని కాపలావాడు ఏం చేస్తాడు? ఇంట్లోవాళ్ల మీదే కర్ర ఎత్తుతాడు. రక్తనాళాల లోపలి పొర చెడుతుంది, అక్కడ కొవ్వు పేరుకుంటుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గుండె, మెదడు, కిడ్నీ, ఎముక, ఏది ముందు లొంగితే అది. అందులో బీపీ, షుగర్, సిగరెట్టు ఏదైనా తోడైతే ఊక మీద కిరసనాయిలు పోసినట్టే.

ఇది నిన్నో మొన్నో తెలిసిన సంగతని ఎవరైనా అంటే నమ్మకండి. స్మార్ట్ అనే అధ్యయనం 2002లో మొదలైంది. అప్పటి మందులకి దుష్ప్రభావాలు ఎక్కువ. అందుకని సీడీ4 350 దాటినవాళ్లకి మందులాపి ఒంటికి కాస్త విశ్రాంతి ఇద్దాం, 250కి పడితే మళ్లీ మొదలెడదాం అనుకున్నారు. ఎంత దయగల ఆలోచన! వేసవి సెలవుల్లాగా. 33 దేశాల్లో 5,472 మందిని చేర్చుకుని రెండు గుంపులు చేశారు. 2006 జనవరిలో కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపేయాల్సి వచ్చింది, సెలవులిచ్చిన గుంపులో చావులు ఎక్కువయ్యాయి. అంతవరకు ఎవరైనా ఊహించగలరు. వైద్యలోకాన్ని కంగారు పెట్టింది వేరే సంగతి. ఆ చావుల్లో ఎక్కువ భాగం మనకి తెలిసిన ఎయిడ్స్ జబ్బులవల్ల వచ్చినవి కావు. గుండె జబ్బులూ, ఎయిడ్స్‌తో సంబంధం లేని క్యాన్సర్లూ, అలాంటివి. మందులే గుండెకి చేటు అని భయపడి ఆపితే, ఆపినవాళ్లకే గుండె, కిడ్నీ, లివర్ ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయి. తర్వాత దాచిపెట్టిన రక్తం నమూనాలు తీసి పరీక్షించారు. చనిపోయినవాళ్లకి అధ్యయనంలో చేరేనాటికే రెండు లెక్కలు ఎక్కువగా ఉన్నాయి. ఒకటి లోమంటని చూపే ఇంటర్‌ల్యూకిన్-6, రెండోది రక్తం గడ్డకట్టడాన్ని చూపే డీ-డైమర్. ఆ ఫలితం అచ్చయింది 2008లో.

డీ-డైమర్! ఎక్కడో విన్నట్టుందా? 2021 మే నెలలో మన ఊళ్లల్లో వడ్ల బస్తా రేటు తెలియనివాడు ఉన్నాడేమో గానీ డీ-డైమర్ తెలియనివాడు లేడు. టీ బంకు దగ్గర "నాది రెండు వేలు దాటింది బాబాయ్" అంటే "మావాడికి సీఆర్పీ నూటిరవై" అనేవారు. లాబ్ ముందు తెల్లారకుండానే వరసలు. ఊరిని వణికించిన ఆ అంకెలే పదమూడేళ్ల ముందు హెచ్‌ఐవీ రోగుల రక్తంలో కనిపించి గోల పెట్టాయి. అప్పుడు చెవిన పెట్టినవాడు లేడు. ఎందుకు పెడతాడు? అప్పుడు చచ్చేది లారీ డ్రైవర్లూ, ఒంటరి ఆడవాళ్లూ, కూలిజనం. కరోనాలో కలెక్టరు గారికీ రావచ్చు.

ఇక్కడ ఒక పేచీ ముందే తీర్చేస్తాను. నా మాటలు పట్టుకుని రేపు ఏ డయాగ్నస్టిక్ సెంటరో 'లోమంట ప్యాకేజీ, అయిదు వేలకే' అని బోర్డు పెడుతుంది. హెచ్‌ఐవీ ఉన్న ప్రతి మనిషికీ ఇంటర్‌ల్యూకిన్-6 కొలవమని నేననడం లేదు. దాన్ని కొలిచి ఒక మనిషికి ఫలానా మందివ్వాలి అని తేల్చే పద్ధతి రోజువారీ వైద్యంలో లేదు. నేనడిగేది బీపీ కొలవమని. షుగర్ చూడమని. పొగ మానే సాయం చెయ్యమని. అవసరమున్నవాడికి కొలెస్ట్రాల్ తగ్గించే ఒక స్టాటిన్ బిళ్ల రాయమని.

ఆ బిళ్ల కథ వింటే కడుపు మండుతుంది. రిప్రీవ్ అనే పెద్ద అధ్యయనం 2015లో మొదలై 2023లో ఫలితం చెప్పింది. 12 దేశాల్లో 7,769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, 40 నుంచి 75 ఏళ్ల లోపువాళ్లు. మామూలు లెక్కల ప్రకారం గుండెజబ్బు ముప్పు పెద్దగా లేనివాళ్లే. సగం మందికి రోజుకో పిటావాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. గుండెపోటు, పక్షవాతం లాంటివి స్టాటిన్ గుంపులో 35 శాతం తగ్గాయి. లాభం తేలిపోయిందని అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు. కొలెస్ట్రాల్ తగ్గినంత మాత్రాన ఇంత లాభం రాదు, లోమంట మీద కూడా ఏదో పనిచేసి ఉండాలని పరిశోధకుల ఊహ. ఆ మాత్రతో కొందరికి షుగర్ వచ్చే అవకాశం కాస్త పెరిగింది, అదీ దాచకుండా చెప్పాలి. అయితే ఆ 12 దేశాల్లో మన దేశం కూడా ఉందని గమనించండి. మన మనుషులు ఒళ్లిచ్చి, రక్తమిచ్చి నిరూపించిన సంగతి ఇది. మా అక్క నడిచిన గుమ్మంలో మాత్రం ఈ మాట ఎత్తిన నాథుడు లేడు.

ఇప్పుడు గడ్డివాము దగ్గరికి వద్దాం. 2020లో తెలంగాణ ఆరోగ్యశాఖ రోజూ కరోనా బులెటిన్ విడుదల చేసేది. అందులో ఒక చిత్రమైన పద్దు ఉండేది. చావుల్లో కరోనా వల్ల పోయినవి ఇంత శాతం, ఇతర జబ్బుల వల్ల పోయినవి ఇంత శాతం అని. సగానికి పైగా ఇతర జబ్బుల ఖాతాలోకే వెళ్లేవి, నెలల తరబడి. కో-మార్బిడిటీ అనే మాట తెలుగువాళ్లకి అలా పరిచయమైంది, తప్పించుకోవడానికి పెట్టుకున్న దొడ్డిదారిగా. షుగర్ ఉన్న మనిషి పదిహేనేళ్లుగా కిరాణా కొట్టు నడుపుకుంటూ, మనవరాలి అన్నప్రాశన చేసుకుంటూ బతికే ఉన్నాడు కదయ్యా! కరోనా సోకిన పదో రోజున ఆ షుగర్‌కి ఉన్నట్టుండి ప్రాణం తియ్యాలని బుద్ధి పుట్టిందా? ఇలాంటి జబ్బుల్ని మరణానికి మూలకారణంగా రాయకూడదని భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సూచనలే అదే ఏడాది చెప్పాయి. ఎవరు విన్నారు? 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020, 2021 సంవత్సరాలకి మన దేశంలో అదనపు మరణాలు 47 లక్షలని అంచనా కట్టింది. ఆ రెండేళ్లకి ప్రభుత్వం ఒప్పుకున్న కరోనా మరణాలు అయిదు లక్షల లోపు. ఆ అంచనా పద్ధతే తప్పని కేంద్రం గట్టిగా కొట్టిపారేసింది. పద్ధతి మీద వాదించుకోండి, తప్పులేదు. కానీ ఆ ఖాతాల ఆట ఆడింది ఎవరు?

షుగర్ చంపిందా, కరోనా చంపిందా అన్న ప్రశ్నే తప్పు. షుగర్, ఊబకాయం, బీపీ ఉన్న ఒంట్లో ముందే సన్నగా రవులుతున్న నిప్పుంటుంది. రక్తనాళాల పొర ముందే దెబ్బతిని ఉంటుంది. దాని మీద వైరస్ గాలి ఊదుతుంది. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం ఈ దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. అంటే పది కోట్ల ఊక కుప్పల మధ్య గడ్డివాము అంటుకుంది. ఆ మంటకి కారణం ఊకా, గడ్డా అని బులెటిన్లో శాతాలు కట్టుకుంటూ కూర్చున్నారు పెద్దలు.

ఇక స్టెరాయిడ్ల సంగతి. నేను దీని మీద రాయకుండా ఉండలేను, మా బావ నల్లకళ్లద్దాలు రోజూ ఎదురుగా కనిపిస్తుంటే.

2020 జూన్ 16న ఇంగ్లండులో రికవరీ అనే ప్రయోగం ఫలితం చెప్పింది. డెక్సామెథసోన్, 1950ల నాటి మందు, పది రూపాయల సరుకు. రోజుకి ఆరు మిల్లీగ్రాములు పదిరోజుల వరకు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మూడోవంతు చావులు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదోవంతు తగ్గాయి. కరోనా చివరికి చంపుతున్నది లోమంటతోనని ఇంతకంటే గట్టిగా రుజువు చేసింది ఇంకొకటి లేదు. వైరస్ తగ్గుముఖం పట్టిన రెండోవారంలో ఊపిరితిత్తులు మునిగిపోవడం ఏమిటని జుట్టు పీక్కున్నవాళ్లకి సమాధానం దొరికింది. కానీ అదే కాయితంలో మూడో వరస కూడా ఉంది. ఆక్సిజన్ అక్కర్లేని రోగుల్లో మందిచ్చిన గుంపులో 17.8 శాతం పోయారు, ఇవ్వని గుంపులో 14 శాతం. ఆ తేడా కాకతాళీయం కావచ్చు, దాన్ని పట్టుకుని మందు చంపిందనలేం. లాభం లేదని మాత్రం తేలిపోయింది. వైరస్ ఇంకా పెరుగుతున్న రోజుల్లో కాపలావాడి చేతులు కట్టేస్తే ఏమవుతుంది మరి?

మూడో వరస ఎవరూ చదవలేదు. మా బావకి జ్వరం వచ్చిన రెండోరోజే వాట్సాప్‌లో ఒక చీటీ దిగింది, ఎవరో డాక్టరు రాసిచ్చిందట, ఎవరికి రాశాడో తెలియదు. అందులో నాలుగో నెంబరు స్టెరాయిడ్. ఊళ్లో మందుల షాపువాడు ఆ చీటీ చూడగానే అయిదు రకాలూ కవర్లో వేసి సిద్ధంగా పెట్టేవాడు, బిర్యానీ పార్సిల్ మాదిరి. బావకి పదేళ్లుగా షుగర్. ఆక్సిజన్ 97 ఉంది. రోజుకి రెండు పూటలా పద్నాలుగు రోజులు మింగాడు. "నీరసం తగ్గింది రా, మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నాడు నాతో ఫోన్లో. షుగర్ చూస్తే 480. తర్వాత ఒకరోజు, "బుగ్గ మొద్దుబారినట్టుంది బావా" అన్నాడు. అద్దంలో చూసుకుంటే కంటికింద నల్లగా కమిలింది. ముక్కులోంచి నల్లటి చీము. బ్లాక్ ఫంగస్, బూజు జాతి. గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉండేదే, షుగర్ పెరిగి కాపలా పడిపోయిన ఒంట్లో దానికి పండగ. ఇంజెక్షన్ల కోసం మూడు జిల్లాలు తిరిగాం. పై దవడ సగం, ఎడమకన్ను తీసేశారు. బతికాడు. అదృష్టవంతుడని అందరూ అంటుంటే ఆయన కూడా అవునంటాడు. 2021 జూలై నాటికి దేశంలో లెక్కకొచ్చిన బ్లాక్ ఫంగస్ కేసులే 45 వేలు దాటాయి.

చీటీ రాసినవాడు ఈరోజుకీ ప్రాక్టీసు చేస్తూనే ఉంటాడు. షాపువాడు రెండో అంతస్తు వేశాడు.

ఇదే కాలంలో ఒకపక్క ఒంటి కాపలాని స్టెరాయిడ్‌తో పడుకోబెడుతూ, ఇంకోపక్క 'ఇమ్యూనిటీ బూస్టర్' అమ్మారు చూడండి, దానికి చెయ్యెత్తి మొక్కాలి. కషాయం, చ్యవనప్రాశ, పసుపు బిస్కెట్టు, పసుపు ఐస్‌క్రీము. ఒకే ఇంట్లో ఒకే మనిషి పొద్దున రోగనిరోధక శక్తి పెంచే పొడి తాగి, మధ్యాహ్నం దాన్ని అణిచే బిళ్ల మింగాడు. అడిగినవాడు లేడు. మంట ఎక్కువై మనిషి చస్తుంటే కట్టెలు బూస్ట్ చేస్తారట.

హెచ్‌ఐవీ, కరోనా రెండూ ఒకే ఒంట్లో కలిస్తే? మొదట్లో కొందరు పెద్దలు భలే ఊహించారు. వీళ్ల రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి కరోనాలో లేచే లోమంట తుఫాను కూడా తక్కువే వస్తుందన్నారు. హెచ్‌ఐవీ మందులే కాపాడతాయన్నారు, 2020 మార్చిలో జైపూర్‌లో ఇటలీ పర్యాటకులకి లోపినావిర్, రిటోనావిర్ ఇచ్చారు కూడా. ఆ మందుల వల్ల కరోనాకి ఫలితం లేదని చైనాలోనూ ఇంగ్లండులోనూ తేలిపోయింది. తుఫాను ఊహని దక్షిణాఫ్రికా కొట్టేసింది. ప్రపంచంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు అందరికంటే ఎక్కువమంది ఆ దేశంలోనే. కేప్‌టౌన్ ఉన్న వెస్టర్న్ కేప్ రాష్ట్రం లక్షల రికార్డులు జల్లెడ పట్టి చూస్తే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి కరోనాతో చనిపోయే ముప్పు సుమారు రెండింతలు. 2021 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా దేశాల ఆస్పత్రి లెక్కలు కూడి, మిగతా జబ్బుల లెక్క పక్కన పెట్టినా చావు ముప్పు 30 శాతం ఎక్కువంది. మిగతా జబ్బులు కలిస్తే ఇంకా చెప్పేదేముంది.

అదే కేప్‌టౌన్ నుంచి ఇంకో సంగతి. మందులు సరిగా అందని ఒక యువతి ఒంట్లో కరోనా వైరస్ తొమ్మిది నెలలు కాపురం పెట్టి ఇరవైకి పైగా మార్పులు చేసుకుంది. హెచ్‌ఐవీ మందులు మళ్లీ మొదలెట్టాక కొద్ది వారాల్లోనే కరోనా వదిలిపోయింది. దీన్ని చదివి "చూశారా, వీళ్లవల్లే కొత్త వేరియంట్లు" అని మొహం చిట్లించినవాళ్లు ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. అసలు చదవాల్సింది చివరి వాక్యం. ఒక్క మనిషికి ఏఆర్‌టీ సరిగా అందితే రెండో వైరస్ కూడా పోయింది. మా పాలెంలో ఎవరి పుంత తూము మూసుకుపోయినా మొత్తం చేలన్నీ మునుగుతాయి. అందుకని ఆ పుంతవాణ్ని తిడతామా, తూము తీస్తామా?

మన తూముల సంగతి చూద్దాం. 2021 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు సుమారు 24 లక్షలు. అందులో ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షల 20 వేల దాకా, తెలంగాణలో ఇంకో లక్షన్నర. పెద్దవాళ్లలో దేశం సగటు 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67. ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పుడు పాతికేళ్లున్న మనిషికి ఇప్పుడు నలభై అయిదు దాటాయి. బతికారు! ఈ దేశం చేసిన మంచి పనుల్లో అదొకటి, నేను కాదనను. ఆ రోజుల్లో అంబులెన్సువాడు కూడా శవాన్ని ముట్టుకోని చావులు చూసినవాణ్ని. కానీ బతికినవాళ్లకి వయసు వస్తుందనీ, మధ్యవయసులో బీపీ, షుగర్ వస్తాయనీ, లోమంట ఉన్న ఒంట్లో అవి ఇంకాస్త ముందే వస్తాయనీ ఇరవయ్యేళ్లలో ఎవరికీ తోచలేదా? తోచింది. జాతీయ మార్గదర్శకాల్లో బీపీ చూడాలనీ, షుగర్ చూడాలనీ ఉంది. పుస్తకంలో ఉంది. గదిలో లేదు.

గదిలో లేకపోవడానికి కారణం అందరికీ తెలుసు. పై నుంచి అడిగేది మూడు లెక్కలు. 95-95-95 అని ఒక మంత్రం ఉంది. జబ్బు ఉన్నవాళ్లలో 95 శాతానికి ఆ సంగతి తెలియాలి, తెలిసినవాళ్లలో 95 శాతం మందులు వాడాలి, వాడేవాళ్లలో 95 శాతానికి వైరస్ అణగాలి. మా అక్క మూడు తొంభై అయిదుల్లోనూ పాసయింది. ఫస్టు క్లాసు. చచ్చిపోయిన రోజున కూడా ఆ లెక్క ప్రకారం ఆవిడ విజయగాథే. మూడో 95 తర్వాత నాలుగోది ఉండాలని, మనిషి బతుకు నాణ్యత కొలవాలని 2016 నుంచి కొందరు పరిశోధకులు మొత్తుకుంటున్నారు. దాన్ని నెలవారీ రిపోర్టులో ఎక్కించడం కష్టం. కష్టమైనదాన్ని మన దగ్గర లేనట్టే లెక్క.

"బీపీకి పీహెచ్‌సీకి వెళ్లొచ్చు కదా" అంటారు. వెళ్లింది ఒకసారి. వరసలో ముందూ వెనకా మా ఊరివాళ్లే. బల్ల దగ్గర అమ్మాయి తప్పేమీ లేదు, పద్ధతి ప్రకారమే అడిగింది: "వేరే జబ్బులకి మందులేమైనా వాడుతున్నావా అక్కా?" గట్టిగానే అడిగింది, ఫ్యాను చప్పుడు మరి. మా అక్క "ఏం లేవమ్మా" అని చీటీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది. నాతో ఈ మాట చెప్పి నవ్వింది. మళ్లీ ఆ వైపు పోలేదు. ఆవిడ రహస్యం తెలిసిన గుమ్మంలో బీపీ చూడరు. బీపీ చూసే గుమ్మంలో రహస్యం చెప్పలేదు. ఈ రెండు గుమ్మాల మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు. 2017లో హెచ్‌ఐవీ చట్టం చేశారు, వివక్ష చూపకూడదన్నారు, రహస్యం కాపాడాలన్నారు. చట్టం కాయితం మీద చక్కగా ఉంది, అక్క రిపోర్టులాగే.

టీబీ మందులు ఏఆర్‌టీ సెంటర్లోనే ఒకే కిటికీలో ఇచ్చే ఏర్పాటు చేశారు కదా, వేరే పథకం అయినా? అప్పుడు ఆకాశం ఊడిపడలేదు. మరి టీ ఖరీదు కూడా చెయ్యని బీపీ బిళ్లకి ఏమొచ్చింది? హెచ్‌ఐవీ ఒక శాఖ, షుగర్ ఒక శాఖ, టీబీ ఒక శాఖ. రక్తం మాత్రం అన్ని శాఖల మీదుగానూ పారుతుంది, దానికి ఫైలు కదిలే పద్ధతి తెలియదు. కొత్తగా ఇస్తున్న డోలుటెగ్రావిర్ మాత్ర మంచిదే, వైరస్‌ని గట్టిగా పట్టుకుంటుంది. బరువు పెంచుతుందని, ఆడవాళ్లలో మరీనని జొహన్నెస్‌బర్గ్ పరిశోధన 2019లోనే చెప్పింది. మా అక్క ఆ మాత్రకి మారాక తొమ్మిది కిలోలు పెరిగింది. పుస్తకంలో బరువు గడిలో ప్రతిసారీ ముచ్చటగా రాశారు. "ఒళ్లు చేశావు, జబ్బు నెమ్మదించింది" అని సంతోషించారు. పాతరోజుల్లో చిక్కిపోతే చావు, కాబట్టి లావైతే ఆరోగ్యం. ఇరవయ్యేళ్ల కిందటి కళ్లతోనే ఇంకా చూస్తున్నారు.

ఆ కౌన్సెలర్ అమ్మాయి మీద నాకు కోపం లేదు. జీతం ఎప్పుడొస్తుందో తెలియని కాంట్రాక్టు ఉద్యోగం, ఎదురుగా తెగని వరస. అక్క పోయిందని చెప్పడానికి, మిగిలిన మాత్రలు తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. దూది ఇంకా డబ్బాలోనే ఉంది. "బీపీ మిషను లేదా ఇక్కడ?" అన్నాను. ఉందట, పాడైతే రిపేరుకి రాసి ఏడాది దాటిందట. మూడుసార్లు గుర్తు చేసిందట కూడా.

మర్నాడు బజారుకి వెళ్లి రెండు వేలు పెట్టి ఒక మిషను కొన్నాను, చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కే రకం. తీసుకెళ్లి ఇచ్చాను. వారం తర్వాత ఫోనొచ్చింది. బయటివాళ్లిచ్చిన సామాను తీసుకునే పద్ధతి లేదుట, స్టాకు రిజిస్టరులో ఎక్కించడానికి కాలమ్ లేదుట, ఆడిట్ వాళ్లు అడుగుతారట. "ఏమనుకోకండి సార్, వచ్చి తీసుకెళ్లండి" అంది ఆ పిల్ల గొంతు తగ్గించి.

తెచ్చుకున్నాను. ఇప్పుడది మా అరుగు మీద ఉంటుంది, ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా. మొన్న ఇరవై రెండు మంది వచ్చారు. తొమ్మిదిమందికి పైది 150 దాటింది, ఒకరికి 190. పేర్లు రాసుకోను, ఏ మందులు వాడుతున్నారని అడగను. తలుపు పక్కన ఒక గోనెపట్టా అడ్డం కట్టాను, ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటే దాని వెనక్కి వస్తారు. ఇప్పటికి ఇద్దరు వచ్చారు.